రేవు చూసి పడవ కొనేవారికి

తెరచాప పడవలు అమ్మేవారికి ఒక అలవాటుంది. కొనవచ్చినవారిని మొట్టమొదట కేబిన్‌లోకి దింపుతారు. పడవను నీటిలోంచి పైకెత్తించి దాని అడుగు చూపించరు. తెరచాప కొయ్యను పట్టి నిలిపే ఉక్కుతీగలు డెక్కులో ఎక్కడ, దేనికి బిగించారో చూపించరు. నాలుగు మెట్లు దింపి, వెనకగదిలో ఇద్దరికి సరిపడే మంచం, ముందుగదిలో మరొకటి, మధ్యలో అరడజనుమంది కూర్చుని భోంచేయగల బల్ల, వంటగది, స్నానాలగది చూపించి "ఇల్లులా లేదూ?" అంటారు. నిజమే, ఇల్లులాగే ఉంటుంది. ఆ ఒక్క మాటతో సగం బేరం కుదిరిపోతుంది.

నా అభ్యంతరమంతా ఆ మాట మీదే. ఆ సమయానికి ఆ పడవ రేవులో నాలుగు తాళ్లకు కట్టుబడి నిటారుగా నిలిచి ఉంది. నడిసముద్రంలో అది రోజుల తరబడి ఒక పక్కకు ఇరవై డిగ్రీలు ఒరిగి, ఆ ఒరుగుతోనే పైకీ కిందికీ ఊగుతూ నడుస్తుంది. అప్పుడు ఆ విశాలమైన మధ్యగది మనిషిని ఈ గోడ నుంచి ఆ గోడకు విసిరేసే మైదానమౌతుంది. ఇద్దరు పట్టే మంచం ఒక్కరినీ నిలవనివ్వదు. కొనేటప్పుడు ఏది చూసి మురిశామో అదే పగవాడై కూర్చుంటుంది. ఇంతవరకే ఐతే అసౌకర్యం అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ విశాలతను సంపాదించడం కోసం పడవ ఆకారంలో చేసిన మార్పు, తుపాను రోజున ప్రాణాల మీదికి వస్తుంది. సముద్రాలు దాటాలనుకునేవారు పడవను దాని అతి చెడ్డ రోజును దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలన్నది నా వాదం. మిగతా లెక్కలన్నీ ఆ తరవాతివే.

ముందుగా హద్దులు చెబుతాను. ఇక్కడ మాట్లాడుతున్నది సుమారు 30 నుంచి 36 అడుగుల పొడవుండి, ఒకరో ఇద్దరో నడుపుకుంటూ, నెలల తరబడి దూరతీరాలకు పోగల ఒంటిదేహపు పడవ గురించి. పందేల పడవలూ, ఆదివారం సాయంత్రం తీరం వెంబడి తిరిగొచ్చే పడవలూ ఈ చర్చలోకి రావు. రెండు దేహాల కాటమరాన్లు కూడా రావు. వాటి న్యాయం వేరు. అవి ఒకసారి తిరగబడితే తిరగబడినట్టే ఉండిపోతాయి, ఐతే అడుగున బరువు లేదు గనక సాధారణంగా మునగవు. మన తీరపు జాలరి తెప్పదీ కొంత ఆ న్యాయమే. నీళ్లు నిండటానికి దానికి కడుపే లేదు, కనుక అది మునగదు. కడుపున్న పడవకు ఆ అదృష్టం లేదు. ఒరిగితే లేవాలి, లేచేలోగా కడుపులోకి నీరు రాకూడదు. సముద్రయోగ్యత అనే పెద్దమాటకు అసలు అర్థం ఈ రెండు పనులే.

ఈ సంగతిని ప్రపంచానికి నెత్తిమీద కొట్టి నేర్పినది 1979 ఆగస్టు. ఇంగ్లండు దక్షిణతీరంలోని కౌస్ నుంచి బయలుదేరి, ఐర్లండు నైరుతికొన దగ్గరి ఫాస్ట్‌నెట్ శిలను చుట్టి, ప్లిమత్ చేరే పందెంలో ఆ ఏడాది 303 పడవలు పాల్గొన్నాయి. ఆగస్టు 13, 14 తేదీల మధ్య రాత్రి పెనుగాలి పట్టుకుంది. పందెంలో ఉన్నవారిలో 15 మంది చనిపోయారు. 24 పడవలను మనుషులు వదిలేశారు. వాటిలో మునిగినవి 5 మాత్రమే, తక్కిన 19 పడవలు తరవాత తేలుతూనే కనిపించాయి. విచారణ సంఘం ప్రశ్నలకు జవాబిచ్చిన పడవల్లో దాదాపు సగం, కొయ్య నీటిని తాకేంతగా పడిపోయాయి. సుమారు మూడోవంతు ఆ హద్దును కూడా దాటి ఒరిగాయి.

అన్నింటికన్నా చిన్న తరగతి పడవల్లో ఆ పందేన్ని ముగించినది ఒకే ఒక్కటి. దాని పేరు అసెంట్. అది కాంటెస్సా 32 రకం పడవ. డేవిడ్ శాడ్లర్ రూపకల్పన చేయగా జెరెమీ రోజర్స్ కర్మాగారంలో 1970ల మొదట్లో తయారీ మొదలైన రకం. పొడవు 32 అడుగులు, వెడల్పు తొమ్మిదిన్నర అడుగులు, బరువు సుమారు 4.3 టన్నులు. ఆ బరువులో సగానికి కాస్త తక్కువ భాగం అడుగున కీల్‌లోనే ఉంటుంది. లోపల పొడగరి తల వంచవలసిందే. నడుస్తున్నంతసేపూ డెక్కు తడుస్తూనే ఉంటుంది. ఈనాటి పడవల సంతలో పెడితే "ఇంత ఇరుకా?" అని పెదవి విరిచి పక్క పడవలోకి పోయే రకం.

తరవాతి విచారణలో ఈ కాంటెస్సానూ, అదే పందెంలో తలకిందులై ప్రాణాలు తీసిన మరొక రకం పడవనూ పక్కపక్కన పెట్టి లెక్క కట్టారు. పడవ ఎన్ని డిగ్రీల దాకా ఒరిగినా తనంత తానే లేవగలదో ఆ కోణాన్ని ఇక్కడ తేరుకునే హద్దు అందాం. నిటారుగా ఉంటే సున్నా, కొయ్య నీటిమీద పడుకుంటే 90, పూర్తిగా తలకిందులైతే 180. కాంటెస్సా తేరుకునే హద్దు సుమారు 155 డిగ్రీలని తేలింది. రెండవ పడవది సుమారు 117. అంటే తలకిందులైన కాంటెస్సాను మరో అల వచ్చి పాతిక డిగ్రీలు కదిపితే చాలు, తక్కిన పని కీల్ చూసుకుంటుంది. రెండవ దాన్ని అరవైమూడు డిగ్రీలు కదపాలి. అంతటి అల ఎప్పుడొస్తుందా అని తలకిందులుగా ఉన్న కేబిన్‌లో నీళ్లు నిండుతుండగా ఎదురుచూడాలి. ఈ తేడాలోనే చావుబతుకులున్నాయి.

ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? నీళ్లతొట్టిలో ఒక పళ్లెం తేలేయండి. ఎంత నిలకడగా ఉంటుందో చూడండి. వేలితో ఒత్తినా ఊరికే ఒరగదు. దాన్నే తిరగేసి బోర్లా పెట్టండి. అంతే నిలకడగా బోర్లానే ఉంటుంది. వెడల్పు ఇచ్చే నిలకడ లక్షణం ఇది, పైకప్పు ఎటున్నదో దానికి పట్టదు. ఇప్పుడు తంజావూరు బొమ్మను తలచుకోండి. చిటికెనవేలితో తోసినా ఒరుగుతుంది. పూర్తిగా పడేసినా లేచి కూర్చుంటుంది. అడుగున ఉన్న బరువు ఇచ్చే నిలకడ అది. పడవ రూపశిల్పి చేసే పనంతా ఈ రెండింటి పాళ్లు కలపడమే. కేబిన్ విశాలంగా ఉండాలన్నవారికి అతను పళ్లెం పాలు పెంచి ఇస్తాడు. 32 అడుగుల విహారపు పడవకు ఈనాడు 11 అడుగుల వెడల్పు మామూలు. చాలావాటిలో అడుగు బరువు మొత్తంలో మూడోవంతు కూడా ఉండదు. రేవులో అవి కాంటెస్సా కన్నా ఎంతో నిలకడగా ఉంటాయి. "చూశారా, ఎక్కితే కదలనైనా కదలదు" అని అమ్మేవారు చెప్పేది అక్షరాలా నిజం. పళ్లెం కూడా కదలదు.

ఇంట్లో కూర్చుని వేసుకోదగిన జల్లెడ లెక్క ఒకటుంది. ఫాస్ట్‌నెట్ దుర్ఘటన తరవాత అమెరికాలో రూపొందింది. పడవ బరువును పౌన్లలో తీసుకుని 64తో భాగించి, వచ్చిన దానికి ఘనమూలం కట్టండి. పడవ వెడల్పును అడుగుల్లో తీసుకుని ఆ ఘనమూలంతో భాగించండి. ఫలితం 2 దాటకూడదు. 9,500 పౌన్ల బరువూ, తొమ్మిదిన్నర అడుగుల వెడల్పూ ఉన్న కాంటెస్సాకు 1.8 వస్తుంది. 9,000 పౌన్ల బరువుతో 11 అడుగుల వెడల్పున్న పడవకు 2.1 వస్తుంది. బరువు పడవలో ఏ ఎత్తున ఉందో ఈ లెక్కకు తెలియదు. కనుక ఇది తీర్పు చెప్పదు, తాలు మాత్రం ఏరిపెడుతుంది. అసలు తీర్పు కావాలంటే ఆ పడవ తేరుకునే హద్దు ఎంతో, ఏ బరువుతో కొలిచారో అమ్మేవారిని కాగితం మీద అడగండి. మంచం కొలత వెంటనే చెప్పినవారు ఈ కొలత దగ్గర తడబడితే, మీకు కావలసిన జవాబు వచ్చినట్టే.

ఇక ఎదుటివారి వాదాలకు వస్తాను.

మొదటి వాదం: "మా పడవకు ఏ తరగతి ధ్రువపత్రం ఉంది. మహాసముద్రాలకు పనికివస్తుందని ఐరోపా చట్టమే చెప్పింది." చట్టం చెప్పినదేమిటో చదివి మాట్లాడుకుందాం. బోఫర్ట్ కొలతలో 8ని మించిన గాలి, 4 మీటర్లు మించిన అలల ఎత్తు, ఇవి ఏ తరగతికి ఆధారాలు. దానికి వర్తించే అంతర్జాతీయ ప్రమాణంలో తేరుకునే హద్దుకు ఒక సూత్రం ఉంది. 130లోంచి పడవ బరువు టన్నులకు రెట్టింపు తీసివేయాలి, ఎట్టి పరిస్థితిలోనూ అది 100కు తగ్గరాదు. ఐదు టన్నుల పడవకు 120 డిగ్రీలైతే చాలునన్నమాట. ఫాస్ట్‌నెట్‌లో తలకిందులైన పడవ హద్దు సుమారు 117 అని పైన చెప్పుకున్నాం. ఆ పడవకూ ఈ ప్రమాణానికీ మధ్య దూరం ఎంతో మీరే చూసుకోండి. పదో తరగతిలో 35 మార్కులు వస్తే ఉత్తీర్ణుడే. పత్రం అబద్ధం కాదు. కానీ మన ప్రాణాన్ని ఆ ఉత్తీర్ణుడి చేతిలో పెట్టే ముందు మార్కుల జాబితా అడిగి చూడమా? ఐరోపా వారి 2013 నాటి కొత్త ఆదేశంలో ఈ తరగతులకు పూర్వం ఉన్న మహాసముద్రం, తీరదూరం వంటి పేర్లు తీసేసి, ఉత్త అక్షరాలు మిగిల్చారు. అమ్మకాల కరపత్రాల్లో మాత్రం ఆ పాత పేరు ఇంకా పెద్దక్షరాల్లో వెలుగుతూనే ఉంటుంది.

రెండవ వాదం: "ఏటా వందలకొద్దీ వెడల్పాటి పడవలు అట్లాంటిక్ దాటుతున్నాయి. అన్నీ క్షేమంగానే చేరుతున్నాయి." చేరుతున్నాయి, కాదనను. ప్రతి నవంబరులో కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు సుమారు 2,700 నాటికల్ మైళ్ల దారిన పెద్ద గుంపు బయలుదేరుతుంది. తుపానుల రుతువు ముగిశాక, వెనకనుంచి వీచే వాణిజ్యపవనాల మీద సాగే దారి అది. ఆ దారిలో చాలామందికి చెడ్డ రోజు ఎదురుపడదు. ఎదురుపడని పరీక్షలో నెగ్గామని చెప్పుకోవడం ఏం న్యాయం? సీటు బెల్టు పెట్టుకోనివారు కూడా రోజూ ఇల్లు చేరుతూనే ఉన్నారు.

దీనికి తోడు "వాతావరణ సమాచారం ఉపగ్రహాల ద్వారా వస్తోంది, తుపాను రాకముందే తప్పుకుంటాం" అంటారు. లెక్క చూడండి. నీటిమట్టం దగ్గర 24 అడుగుల పొడవున్న పడవ ఆరున్నర నాట్లకు మించి పోలేదు. రోజుకు 120, 130 మైళ్లు నడిస్తే బాగా నడిచినట్టు. ఉత్తర అట్లాంటిక్‌లో అల్పపీడనం 25 నాట్ల వేగంతో కదిలితే రోజుకు 600 మైళ్లు వస్తుంది. పడవను ఇంకాస్త పెంచి రోజుకు 180 మైళ్లు నడిపినా ఈ పరుగుపందెంలో గెలిచేదెవరు? ముందస్తు సమాచారంతో దాని అతి చెడ్డ భాగం నుంచి కొంత పక్కకు జరగవచ్చు. అది ఎంతో విలువైనదే. కానీ అది మంచి పడవకు తోడు కాగలదు, బదులు కాలేదు.

మూడవ వాదం: "ఐతే పెద్ద పడవ కొంటాం. పెద్దదైతే భద్రమే కదా?" ఈ వాదంలో సత్యం ఉంది, దాన్ని దాటవేయను. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో నమూనా పడవలతో చేసిన పరీక్షల్లో, పడవ పొడవులో 30 శాతం ఎత్తున్న విరిగే అల పక్కనుంచి తగిలితే బోర్లపడవచ్చనీ, 60 శాతం ఎత్తున్న అల ఐతే ఏ ఆకారపు పడవనైనా దొర్లించేస్తుందనీ తేలింది. 32 అడుగుల పడవకు పదడుగుల విరిగే అల చాలన్నమాట. పొడవు పెరిగితే ఆ హద్దూ పెరుగుతుంది. కానీ పొడవుతో పాటు ఏమేం పెరుగుతాయో కూడా చూడాలి. 32 నుంచి 40 అడుగులకు పోతే పొడవు పెరిగింది నాలుగోవంతే. ఆకారం అదే ఐతే తెరచాప వైశాల్యం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, బరువు దాదాపు రెండింతలౌతుంది. లంగరు, గొలుసు, తాళ్ల మీది లాగుడు, రంగు, రేవు అద్దె అన్నీ ఆ దారినే పోతాయి. పెరగనిది ఒక్కటే, నడిపేవారి కండబలం. ఆ కొరత తీర్చడానికి విద్యుత్ యంత్రాలు వస్తాయి. ఉప్పునీటికి విద్యుత్తుకన్నా ఇష్టమైన ఆహారం లేదు. అర్ధరాత్రి గాలి పెరిగినప్పుడు ఒక్క మనిషి ఒంటిచేత్తో కొయ్యను పట్టుకుని మరో చేత్తో దించగల తెరచాప ఎంతో, మీ పడవ అంతే.

లిన్, లారీ పార్డీ దంపతులు స్వయంగా కట్టుకున్న సెరాఫిన్ పొడవు 24 అడుగుల చిల్లర. దానికి ఇంజను లేదు. 1970లలో అందులో లోకం చుట్టివచ్చారు. అందరూ అలా పొమ్మని నేననను. కానీ చిన్నదాన్ని కొని, మిగిలిన డబ్బుతో ఉక్కుతీగలూ తెరచాపలూ కొత్తవి వేయించుకున్నవారు, పెద్దదాన్ని కొని పాత తీగలతోనే బయలుదేరినవారికన్నా ఎక్కువ భద్రంగా ఉన్నారని మాత్రం గట్టిగా చెబుతాను.

ఇక్కడ మనవాళ్లు తారిణిని గుర్తుచేస్తారు. గుర్తుచేసుకోవలసిందే. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మే నెలలో తిరిగివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తారిణి 55 అడుగుల పడవ. అదే పడవను 2024 అక్టోబరు నుంచి 2025 మే దాకా దిల్నా, రూప ఇద్దరే నడిపి లోకం చుట్టివచ్చారు. "ఇద్దరు 55 అడుగులు నడపలేదా?" అని అడగవచ్చు. నడిపారు. ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి అదే పనిగా సాధన చేసినవారు, తీరాన వారి వెనక ఒక నౌకాదళం ఉంది. వారిని చూసి గర్వపడండి. వారి పడవ కొలతను మాత్రం మీ కొలతగా తీసుకోకండి.

ఇంతవరకూ చదివి "భళా, పాత పడవలే మేలని మేమూ అదే అంటున్నాం" అని చంకలు గుద్దుకునేవారు కొందరుంటారు. నా వాదంలో మిగిలిన సగం వారి మీదే. వీరికి పొడవాటి నిండు కీల్ ఒక ఇష్టదైవం. ముక్కు దగ్గర మొదలై చుక్కాని దాకా సాగే కీల్ ఉంటే చాలు, తక్కినదేదీ చూడనక్కరలేదని వీరి నమ్మకం. ఆధారంగా సుహైలీ పేరు చెబుతారు.

సుహైలీ కథ మనకూ దగ్గరదే. ముంబయిలో టేకు చెక్కతో కట్టిన 32 అడుగుల పడవ అది. 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, 312 రోజుల తరవాత 1969 ఏప్రిల్ 22న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అందులో తిరిగివచ్చాడు. ఒంటరిగా ఆగకుండా లోకం చుట్టిన మొదటి మనిషి అతను. ఆ పందెంలో పాల్గొన్న తొమ్మిదిమందిలో ముగించింది అతనొక్కడే. వేగంలో సుహైలీ నత్త. దానికన్నా ఎంతో వేగవంతమైన మూడు దేహాల పడవలు రెండు అందులో ఉన్నాయి. ఒకటి దాదాపు ఇంటి ముంగిటికి వచ్చి అట్లాంటిక్‌లో విచ్చిపోయి మునిగింది. రెండవది మనిషి లేకుండా తేలుతూ దొరికింది, అందులో వెళ్లిన డొనాల్డ్ క్రౌహర్స్ట్ మళ్లీ కనిపించలేదు.

కానీ సుహైలీ గెలిచింది కీల్ మహిమ వల్లనేనా? దారిలో అతుకుల్లోంచి నీరు కారింది. అతను సముద్రంలోకి దిగి నీటి అడుగున ఆ అతుకులు పూడ్చుకున్నాడు. తాగునీరు పాడైంది. చుక్కానిని తనంత తాను నడిపించే ఏర్పాటు ఆస్ట్రేలియా చేరేలోగా విరిగిపోయింది, తక్కిన దారంతా తెరచాపలు సర్ది పడవను నడుపుకున్నాడు. నడిసముద్రంలో, చేతిలో ఉన్న పనిముట్లతో, ఒక్క మనిషి బాగుచేసుకోగల పడవ అది. నా దృష్టిలో సుహైలీ నేర్పే పాఠం ఇదే, దైవభక్తులు మరచిపోయేదీ ఇదే.

ఆ పందేన్ని 2018లో మళ్లీ నిర్వహించారు. 32 నుంచి 36 అడుగుల లోపు పొడవు, 1988కి పూర్వపు రూపకల్పన, చుక్కాని వెనకంచుకు అతుక్కుని ఉండే పొడవాటి కీల్, ఇవి నియమాలు. అంటే ప్రతి పడవా ఈ భక్తుల ఇష్టదైవమే. ఐదుగురే ముగించారు, అది మొత్తంలో మూడోవంతు కూడా కాదు. కొయ్యలు విరిగిన పడవలు పలు ఉన్నాయి. మన నౌకాదళ అధికారి అభిలాష్ టామీ, గోవాలో సుహైలీ నమూనాలో కట్టిన తురియా అనే పడవలో వెళ్లాడు. 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను ఆ పడవను దొర్లించింది. కొయ్యలు విరిగాయి, అతని వెన్నెముక దెబ్బతింది. మూడు రోజుల తరవాత ఫ్రెంచి గస్తీనౌక ఒసిరిస్ వచ్చి కాపాడింది. పడవ మళ్లీ లేచింది, మునగలేదు. కానీ కొయ్య నిలవలేదు. 2022 పందెంలో అతను రస్లర్ 36 రకం పడవలో వెళ్లి 2023 ఏప్రిల్‌లో రెండవవాడుగా ముగించాడు. అదే పందెంలో 2022 నవంబరులో ఆస్టేరియా అనే నిండు కీల్ పడవ వెనకభాగంలోంచి నీళ్లు ఎగదన్ని నిమిషాల్లో మునిగింది. మనిషి ప్రాణరక్షణ తెప్పలో బయటపడ్డాడు, అతణ్ని చేరి తీసుకున్నది తోటి పోటీదారు కర్స్టెన్ నాయ్‌షేఫర్. ఆ పందెంలో విజేత కూడా ఆమే. నిండు కీల్ నీటిని అడ్డదు. నీటిని అడ్డేది పడవ కడుపును భాగాలుగా విడగొట్టే నీరుచొరని అడ్డగోడ.

ఐతే కొత్తవాటి సన్నని కీల్‌నూ గుడ్డిగా నమ్మరాదు. 2014 మే నెలలో కరీబియన్‌లోని యాంటీగ్వా నుంచి ఇంగ్లండుకు తిరిగివస్తున్న చీకీ రఫీకీ అనే 40 అడుగుల పడవకు అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయింది. నలుగురు మనుషులు దక్కలేదు. బోల్టులతో బిగించిన కీల్ ఉన్న పడవ ఒకసారి నేల తాకితే, పైకి గీత కూడా కనపడకుండానే లోపలి అతుకు విడిపోయే ప్రమాదముంది. పాత పడవ కొనేటప్పుడు ఎన్నిసార్లు నేల తాకిందని అడగనివారు, పెళ్లిసంబంధంలో వయసు అడగనివారికన్నా అమాయకులు.

కాబట్టి ఏది చూడాలి? పడవను నీటిలోంచి పైకెత్తించి చూడండి. కీల్ దేహానికి కలిసే చోట సన్నని చీలిక ఉంటే ఆ బేరం అక్కడే ఆపండి. చుక్కానికి ముందు ఆసరాగా కీలో, గట్టి రెక్కో ఉందా, లేక ఒక్క ఇరుసు మీద వేలాడుతోందా చూడండి. తెరచాప కొయ్య తీగలు ఎన్నేళ్లవో అడగండి. పదేళ్లు దాటితే వాటి ఖరీదును పడవ ఖరీదులో కలుపుకోండి. ఆ తీగలను పట్టే ఉక్కుపట్టీలు డెక్కు దాటేచోట తుప్పు లోలోపలే తింటుంది, విప్పి చూడనిదే తెలియదు. నడిపేవారు కూర్చునే కాక్‌పిట్ చిన్నదై, నిండిన నీరు త్వరగా పోయే పెద్ద రంధ్రాలతో ఉండాలి. కేబిన్‌లోకి దిగే ద్వారం సన్నగా ఉండి, దాని పలకలు తలకిందులైనా జారిపోకుండా గడియ పడాలి. ఫాస్ట్‌నెట్‌లో ఆ పలకలు జారిపోయి నీళ్లు చొరబడిన పడవలున్నాయి. కిటికీలు చిన్నవిగా ఉండాలి. బ్యాటరీలూ, పొయ్యీ, బరువైన ప్రతి వస్తువూ పడవ తిరగబడినా ఊడకుండా కట్టి ఉండాలి. తాగునీరు రెండు వేరువేరు తొట్లలో ఉండాలి, ఒకటి పాడైతే రెండవది మిగలాలి. పడక ఇరుకుగా, పక్కన గుడ్డ అడ్డు కట్టుకునేలా ఉండాలి. ఎక్కడ నిలబడినా చేతికందేలోగా పట్టుకునే కొక్కెం ఒకటి ఉండాలి. ఇవన్నీ ఉన్నాక అందమైన బల్ల కూడా ఉంటే, నిస్సంకోచంగా సంతోషించండి.

ఈ గుణాలన్నీ ఉన్న పడవలు కొత్తవీ ఉన్నాయి, పాతవీ ఉన్నాయి. పుట్టినతేదీ చూసి తీర్పు చెప్పే రెండు వర్గాలతోనూ నాకు పేచీ. ఒకరు గదులు లెక్కపెడతారు, ఇంకొకరు కీల్‌కు దండం పెడతారు. తిరగబడితే ఏమౌతుందన్న ప్రశ్న ఇద్దరూ అడగరు.

"మా ప్రాణం మా ఇష్టం, మధ్యలో నీకేం?" అనేవారికి ఒక్కమాట. ఆ పడవలో ముందుగదిలో నిద్రపోతున్న మనిషి మీ లెక్కను నమ్మి నిద్రపోతోంది. మీరు సాయం కోరిన క్షణాన, ఎక్కడో తన దారిన పోతున్న సరుకు ఓడ ఆ పెనుగాలిలోకి ముక్కు తిప్పుకుంటుంది. దాని మీద ఇరవైమంది పనివారు ఉంటారు. వారిలో ఎవరూ మీ కేబిన్ వెడల్పు చూసి మురిసినవారు కారు. ఆ మనుషుల బరువును కూడా కలుపుకున్నాకనే పడవ బేరం పూర్తయినట్టు. రేవులో నిలబడి పడవ చూస్తున్నప్పుడు దాన్ని మనసులో ఒక్కసారి తలకిందులు చేసి, లోపల మీరున్నారనుకుని, అది లేచేదాకా అంకెలు లెక్కపెట్టండి. అంకెలు ఎక్కడిదాకా పోతాయో అమ్మేవారు చెప్పలేకపోతే ఆ పడవ దిగిపోండి.